పేజీ తిప్పే చోటు

మడతపెట్టిన కాగితాల వెన్ను మీద తెల్లటి గుడ్డ టేపు పరిచి, ఎముక బద్దతో ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క ఊపున నొక్కింది ఆమె. మధ్యలో ఆగితే బుడగ మిగులుతుంది. బుడగ మిగిలితే నెల తిరక్కుండా సరిగ్గా అక్కడే చిరుగుతుంది. ఫ్లూటు వాళ్లవి అయిపోయాయి. క్లారినెట్ వాళ్లవి బల్ల అంచున పేర్చి ఉన్నాయి. తీగ వాద్యాల వాళ్లవి ఇంకా ప్రింటరులోంచి రావాలి.

ఈ కాగితాలను పార్టులంటారు. వాద్యబృందం మొత్తం వాయించేది ఒక పెద్ద పుస్తకంలో ఉంటుంది. అది చేతి సైగలతో అందరినీ నడిపించే నిర్వాహకుడి ముందు ఉంటుంది. వాయించేవాళ్లకు అంత పుస్తకం అక్కర్లేదు, ఎవరి వరస వాళ్లకు చాలు. ఆ పెద్ద పుస్తకంలోంచి ఒక్కొక్క వాద్యం వరసనీ విడదీసి, అయిదు గీతల మీద చుక్కలుగా పేర్చి, స్టాండు మీద పెట్టుకునేలా కుట్టి ఇవ్వడం ఆమె పని. అందుకే బృందంలో అందరూ ఆమెను చుక్కలావిడ అంటారు. ఎదురుగా అక్కా అంటారు.

ఆమె గది వేదిక వెనక ఉంది. కిటికీ లేదు. మూడు గోడలకు అరలు, నాలుగో గోడకు ఆనించి బల్ల. ఎండాకాలంలో పై అంతస్తు గొట్టం పగిలి, ఒక గోడ పొడవునా అరలు తడిసిపోయాయి. ఆ అరల్లోవన్నీ ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, అప్పడాల కట్టల్లా తయారయ్యాయి. సాయంత్రం సాధన మొదలయ్యే కృతి ఆ అరలోదే. దాని పార్టులన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది.

బల్ల మీద రెండు కంప్యూటర్లున్నాయి. పాతది పొట్ట వెనక్కి పొడుచుకొచ్చిన రకం. అందులో ఉన్న స్వరలిపి ప్రోగ్రాం మీదే ఆమె ఇన్నేళ్లూ పనిచేసింది. దాన్ని తయారుచేసిన కంపెనీ చేతులెత్తేసి చాలాకాలమైంది. కొత్త మెషీన్లు దాన్ని దగ్గరికి రానివ్వవు. కొత్త ప్రింటరు పాత మెషీను మాట వినదు. అందుకని కొత్త ప్రోగ్రాం కొన్నారు, నేర్చుకోమన్నారు, ఈ సాయంత్రంతో పాతదాన్ని తీసుకుపోతామన్నారు.

ఆమెకు అందులో పెద్ద బాధేం లేదు. మొదట్లో కలంతో, సిరాతో, స్కేలుతో చేతిరాతే రాసేది. కుడిచేతి మధ్యవేలి మీద ఆ కలం తవ్విన గుంట ఇప్పటికీ ఉంది. పాత ప్రోగ్రాం వచ్చిన రోజుల్లో దాన్నీ ఇలాగే తిట్టుకుంది. చేత్తో గీస్తే ఒక్క విసురుకు వచ్చే వంపుగీత కోసం మౌసు పట్టుకుని పూట గడిపేది. తర్వాత అలవాటైపోయింది. ఇదీ అవుతుంది. కొత్త చెప్పు కరుస్తుంది, పాతబడ్డాక మానేస్తుంది. అంతకు మించి ఆలోచించేది కాదు.

ఫోను మోగింది. చెల్లెలు. రోజూ ఈ వేళకే చేస్తుంది.

“ఏం చేస్తున్నావే?”

“టేపు అంటిస్తున్నాను.”

“ఆయనదీ నువ్వే చేస్తున్నావా? ఆ పెద్దక్షరాలది?”

“ఆయనది చెయ్యకూడదని రూలేమైనా ఉందా?”

“లేదులే. కాపురం చేసినన్నాళ్లూ ఆయన నీకు చుక్కలు చూపించాడు. ఇప్పుడు నువ్వు ఆయనకు చూపిస్తున్నావు. చెల్లుకు చెల్లు.”

ఇది చెల్లెలి పాత జోకు. ఆమె ఎప్పటిలాగే “ఊఁ” అని, టేపు ఇంకో ముక్క కత్తిరించి ఫోను పెట్టేసింది.

ఆయన అంటే డబుల్ బేస్ వాయించేవాళ్ల వరసలో చివరి మనిషి. మనిషెత్తును మించిన వాద్యం అది, నిలబడో ఎత్తు స్టూలు మీద కూర్చునో వాయించాలి. ఆయనా దాని లాంటివాడే. పొడుగ్గా, సన్నగా, భుజాలు ముందుకు వంగి ఉంటాడు. బృందం పెట్టిన పేరు నిట్టాడు. పాక మధ్యలో పాతిన గుంజలాగా ఎవరికీ అడ్డం రాకుండా వెనక నిలబడతాడనీ, తీసేస్తే పైకప్పు కూలుతుందనీ పేరు పెట్టినవాడి భావం. స్టాండుకు ఇద్దరు చొప్పున కూర్చుంటారు, బేస్ వాళ్లు బేసి సంఖ్య కావడంతో ఆయనకు జత లేదు, స్టాండు ఒక్కడిదే.

ఒకప్పుడు ఆమె భర్త. పదకొండేళ్లు రెండు గదుల ఇంట్లో కలిసి ఉన్నారు. ఆయనకు వేరే ఊళ్లో, పెద్ద బృందంలో చోటొచ్చింది. ఆమె అప్పుడప్పుడే ఈ గదిలో కుదురుకుంది. ముందు నువ్వెళ్లి చూడమంది. ఆయన వెళ్లాడు. సెలవులకు వస్తూపోతూ ఉన్నాడు. అక్కడ పొసగక మూడేళ్లకు తిరిగొచ్చేసరికి ఇద్దరికీ ఒంటరిగా ఉండడం చేతనైపోయింది. ఒకే గిన్నెలో వండుకోవడం, ఒకే దీపం కింద కూర్చోవడం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలనిపించింది. ఓపిక లేకపోయింది. కాగితాల మీద సంతకాలు పెట్టారు. విడిపోవడానికి పెద్ద కారణం ఉండి తీరాలనుకునే చుట్టాలకు వాళ్లిద్దరూ ఏమీ చెప్పలేకపోయారు. తాగుడా అంటే కాదు, ఇంకో మనిషా అంటే కాదు. చెల్లెలు మాత్రం ఏదో ఒకటి చెప్పాలి కదా అని ఆయన గురక మీదికి నెట్టింది.

చిక్కల్లా పిలుపుతో వచ్చింది. కాపురంలో ఆమె ఆయన్ను మీరు అనేది, ఆయన ఆమెను నువ్వు అనేవాడు. విడిపోయాక ఆయన పదిమందిలో ఆమెను మీరు అనడం మొదలుపెట్టాడు. ఆమెకు ఏమనాలో తోచలేదు. మీరు అంటే పాత సంసారం నోట్లోకి వచ్చినట్టుంటుంది, నువ్వు అంటే నాలుక తిరగదు. అదృష్టంకొద్దీ మన భాషలో ఆ సౌకర్యం ఉంది, కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది. “పార్టు తయారైంది. తీసుకెళ్లొచ్చు.” “నాలుగో పేజీలో మార్పుంది. చూసుకోవాలి.” అలా ఏళ్లకేళ్లు సర్వనామం లేకుండా మాట్లాడుకున్నారు.

కొన్నేళ్ల కిందట ఆయన ఒకసారి గుమ్మంలో నిలబడి, “కాస్త పెద్ద సైజులో తీయడం వీలవుతుందాండీ? వెనక లైటు చాలడం లేదు” అన్నాడు. అప్పటినుంచి ఆయనకు విడిగా, పెద్ద కాగితం మీద, లావు చుక్కలతో తీస్తోంది. లైటు మాట ఆమె నమ్మలేదు. కానీ అడగలేదు.

ఆమె గదిలో ఉన్నప్పుడు వేదిక మీది సంగీతం గోడల్లోంచి పూర్తిగా రాదు. వయొలిన్లు రావు, ఫ్లూట్లు అసలు రావు. బేస్‌ల మోత ఒక్కటే గోడలో దిగి, బల్ల కాళ్లలోంచి పైకి పాకి మోచేతులకు తగులుతుంది. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆమె విన్నదంతా ఆ అడుగు వరసే.

మేనేజరు తలుపు తట్టి లోపలికొచ్చాడు. చేతిలో ఎప్పుడూ ఉండే తాళాల గుత్తి.

“అక్కా, సాయంత్రానికి అందుతాయా?”

“అందుతాయి.”

“కొత్తదాంట్లో బాగానే వస్తున్నాయా? చూడండి, ఇక అందరికీ ఒకే కొలత. ఒకళ్లకి ఒకలా, ఇంకొకళ్లకి ఇంకోలా వద్దు. ఎవరికైనా ఆనకపోతే కళ్లు పరీక్ష చేయిద్దాం.”

“ఈ కచేరీకి పాత కొలతలే. కొత్తది నాకింకా చేతికి రాలేదు.”

ఆయన తాళాలు ఒకసారి గలగలలాడించి, “సరే, ఈ ఒక్కసారికి” అన్నాడు. “నేనూ సాయంత్రం సాధనకి కూర్చుంటాను. కొత్తవెలా ఉన్నాయో చూద్దాం.” చెడ్డమనిషి కాదు. కొత్తగా వచ్చాడు. చీపురు కొత్తదైతే నాలుగు మూలలూ ఊడుస్తుంది.

ఆయన వెళ్లాక ఆమె బేస్ పెద్దపార్టు ఫైలు కొత్తదాంట్లోకి మార్చి తెరిచింది. చుక్కలన్నీ ఉన్నాయి. వంపుగీతల్లో కొన్ని పక్కకు జారాయి, సరిచేసింది. ప్రింటుకు పంపింది. కాగితాలు వెచ్చగా బయటికొచ్చాయి, పాతవాటికంటే పలచగా, తెల్లగా.

మధ్యాహ్నం డబ్బా విప్పబోతుండగా గుమ్మంలో నీడ పడింది. ఆయన ఈ గదిలోకి వచ్చినప్పుడల్లా తల వంచుతాడు. గుమ్మం ఎత్తుగానే ఉంటుంది, అయినా వంచుతాడు.

“తయారైందాండీ?”

“అయింది. చూసుకోవచ్చు.”

బల్ల మీది కాగితాలను ఆయన చేతికి తీసుకోలేదు. అంచును వేలితో తడిమాడు.

“పేజీలు పాతచోటే తిరుగుతాయా?”

ఆమె డబ్బా మూత పక్కన పెట్టింది. “లేదు. కొత్తది దాని లెక్కలో అది పేర్చుకుంది. రెండు పేజీలు తగ్గాయి. తిప్పేచోట విరామం ఉండేలా నేను చూశాలే. ఇబ్బంది ఉండదు.”

ఆయన అరల వంక చూస్తూ నిలబడ్డాడు. సరిగ్గా చెప్పాలంటే ఆయన మొహం అరల వైపు ఉంది. అప్పుడు గమనించిందామె. కాస్త ఓరగా తిప్పి పెట్టాడు తల, పక్షి గింజను చూసేటప్పుడు పెట్టినట్టు.

“పాతచోటే తిరిగేలా చెయ్యడం కుదరదా?”

“కుదురుతుంది. చాలా పని. ఎందుకు?”

వేదిక మీద ఎవరో కుర్చీలు ఈడుస్తున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఉన్నాడాయన.

“కనబడటం లేదు” అన్నాడు. “నడిమధ్య ఒక మసక ముద్ద. చుట్టూ కనబడుతుంది, చూసేచోట కనబడదు. డాక్టరు చూపు వెనక్కి రాదన్నాడు. ఏడాది పైనే అయింది.”

“మరి వాయించడం?”

“ఇంట్లో భూతద్దం పెట్టుకుని ఒక్కో వరసా బట్టీ పడతాను. నీ పెద్ద చుక్కలు కాబట్టి ఆ మాత్రమైనా అవుతోంది. ఇక్కడికొచ్చాక చూసేదేం లేదు. వాయిస్తాను, పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతాను. నువ్వెప్పుడూ విరామం దగ్గరే తిప్పిస్తావుగా. ఏ విరామమో గుర్తుపెట్టుకుంటాను. తప్పుచోట తిప్పితే పక్కవాడికి తెలిసిపోతుంది.”

నువ్వు అంటున్న సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు. ఆమెకు తెలిసింది. తెలిసినా ముఖం మార్చలేదు.

“నాకు చెప్పొచ్చుగా.”

“చెబితే మానేస్తావనుకున్నాను. కనబడనివాడికి రాయడం దేనికని.”

ఆమె కొప్పులో గుచ్చిన పెన్సిలు తీసి, మళ్లీ గుచ్చింది.

“ఈ కచేరీ ఒక్కటి” అన్నాడాయన. “ఇది నేను చేరిన ఏడు మొదట వాయించింది. నరాల్లో ఉంది. ఇది అయిపోగానే నేనే చెప్పి మానేస్తాను. వాళ్లు పొగబెట్టేదాకా ఉండను.”

“తిన్నారా?” అనబోయి, “భోజనం అయిందా?” అంది.

“అయింది” అన్నాడు. అబద్ధమని ఆమెకు తెలుసు. వాయించే రోజు ఆయన ముందు తినడు. మళ్లీ తల వంచి గుమ్మం దాటి వెళ్లిపోయాడు.

ఆమె డబ్బా మూత పెట్టేసింది. పాత మెషీను తెర మీద పాత పెద్దపార్టు తెరిచింది, కొత్త మెషీను మీద కొత్తది. పాత ప్రోగ్రాంలో ఎక్కడ వరస విరవాలో ఆమె చేత్తో ఒక్కొక్కటీ బిగించి పెట్టింది. ఆ బిగింపులు కొత్తదానికి అర్థం కాలేదు, అన్నిటినీ ఊడదీసి తన ఇష్టానికి పరుచుకుంది. ఇప్పుడు ఆ తెరను చూస్తూ ఈ తెర మీద మళ్లీ బిగించాలి. ఒకచోట బిగిస్తే ఇంకోచోట వదులవుతోంది. దుప్పటి తలమీదికి లాగితే కాళ్లు బయటపడ్డట్టుంది వ్యవహారం. పాతదాంట్లో కళ్లు మూసుకుని నొక్కే మీట కొత్తదాంట్లో వేరే పని చేస్తుంది. రెండుసార్లు అలవాటుకొద్దీ నొక్కి, ఒక పేజీ పేజీనే మాయం చేసుకుంది.

కంప్యూటరాయన పాతదాన్ని తీసుకెళ్లడానికి వచ్చాడు. నడివయసు మనిషి, జలుబుతో ముక్కు ఎర్రగా ఉంది. తీగల చుట్ట భుజానికి తగిలించుకున్నాడు.

“అమ్మా, విప్పేయనా?”

“కాసేపు కూర్చో బాబూ. ఇంకా పనుంది దాంతో.”

కూర్చున్నాడు. తుమ్మాడు. ఆమె భుజం మీదుగా చూశాడు.

“అదే పార్టు బల్ల మీద ప్రింటు తీసి ఉందిగా. చుక్కలన్నీ సరిగ్గానే వచ్చాయి కదా.”

“పేజీలు మారాయి.”

“పేజీ ఎక్కడ తిరిగితే ఏముందమ్మా?”

“వాయించేవాడి రెండు చేతులూ పనిలో ఉంటే, తిప్పడానికి మూడోది ఎక్కణ్ణించి వస్తుంది?”

ఆయన తన రెండు చేతులూ చూసుకుని, నిజమే అన్నట్టు తలూపి, కొత్తదాంట్లో పేజీలను ఎలా కట్టిపడెయ్యాలో ఒక కిటుకు చెప్పాడు. మూడు మెనూల అడుగున దాక్కుని ఉందది. “ఇది ఎవరికీ అవసరం పడదమ్మా, అందుకే అంత లోపల పెట్టారు” అన్నాడు. ఆ కిటుకుతో పని నడిచింది. ఆయన కుర్చీలోనే గోడకు తల ఆనించి కునుకు తీశాడు.

చివరి పేజీ కూడా పాతదానితో సరిపోయాక, ఆమె రెండు తెరలనూ పక్కపక్కన మొదటినుంచి చివరిదాకా తిప్పి చూసింది. ప్రతి తిరుగుడూ పాత విరామం దగ్గరే పడింది. ప్రింటు తీసి, టేపు అంటించి, బద్దతో నొక్కింది. కంప్యూటరాయన్ను లేపింది. ఆయన పాత మెషీను తీగలు పీకి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు పొట్టకానించుకుని వెళ్లిపోయాడు. బల్ల మీద అదున్నచోట దుమ్ము లేని చదరం మిగిలింది. ఆమె దాని మీద క్లారినెట్ పార్టులు పెట్టింది.

సాయంత్రం స్టాండ్ల మీద పార్టులు సర్దాక ఆమె సాధారణంగా ఇంటికెళ్లిపోతుంది. ఆ రోజు హాలు వెనక వరసలో కూర్చుంది. ముందు వరసలో మేనేజరు, తాళాలు ఒళ్లో పెట్టుకుని. వాద్యాలు శ్రుతి చేసుకుని నెమ్మదించాయి. నిర్వాహకుడు చెయ్యెత్తాడు.

ఆమె సంగీతాన్ని పెద్దగా వినలేదు. ఆయన్నే చూసింది. స్టూలు మీద కుదురుగా కూర్చుని, వాద్యాన్ని ఎడమ భుజానికి ఆనించుకుని, స్టాండు వైపు చూస్తున్నాడు. దూరం నుంచి చూస్తే చదువుతున్నాడనే అనుకుంటారు. మొదటి విరామం వచ్చింది. కమాను వేళ్ల మధ్య దోపుకుని, చెయ్యి చాచి, పేజీ అంచు తడిమి తిప్పాడు. రెండోదీ సరిగ్గా తిప్పాడు. మూడోది కూడా. ఆమెకు తెలియకుండానే ప్రతి తిరుగుడుకూ ముందు ఊపిరి బిగబడుతోంది, తిప్పాక వదులవుతోంది.

నాలుగోసారి కొత్త కాగితం పలచన వల్ల రెండు కాగితాలు కలిసి తిరిగాయి. ఆయన ముందు ఇప్పుడున్నది ఇంకా వాయించాల్సి రాని పేజీ. ఆయన వాయిస్తూనే ఉన్నాడు, ఒక్క స్వరం తడబడకుండా. కళ్లు ఆ తప్పు పేజీ మీదే నిలిపి, దాన్ని ఎంతో శ్రద్ధగా చదువుతున్నవాడిలా కనుబొమలు కూడా ముడిచాడు. ఆమెకు నవ్వొచ్చింది. చేత్తో నోరు మూసుకుంది. ముందు వరసలో మేనేజరు ఏమీ చూడలేదు, ఆయన బాకా వాళ్ల వైపు చూస్తున్నాడు.

సగం అయ్యాక ఆపారు. అందరూ టీ కోసం బయటికి కదిలారు. ఆమె వేదిక ఎక్కి, కుర్చీల మధ్యనుంచి వెనక్కి వెళ్లింది. ఆయన స్టూలు దిగలేదు. నుదుటి మీద చెమట పట్టింది.

“రెండు కాగితాలు ఒక్కసారే తిప్పారు” అంది.

ఆ క్రియ చివర వచ్చి చేరిన అక్షరాన్ని ఇద్దరూ విన్నారు.

“తెలిసింది. చేతికి మందంగా తగిలింది. మధ్యలో సర్దుకుంటే ఇంకా అల్లరి అని వదిలేశాను.”

“ఎవరూ చూడలేదు.”

“నువ్వు చూశావుగా.” ఆయన కమాను వెంట్రుకలు కొంచెం వదులు చేశాడు. “ఎప్పుడొచ్చి కూర్చున్నావు?”

“మొదటినుంచీ. ఈ కృతికి ఇన్ని వాద్యాలున్నాయని నాకు ఈరోజే తెలిసింది. నా గదిలోకి మీదొక్కటే వస్తుంది.”

“గొప్ప శిక్షే” అన్నాడాయన. తర్వాత, “టీ తెచ్చిపెడతావా? లేవబుద్ధి కావడం లేదు. చక్కెర వద్దు” అన్నాడు.

“ఎప్పుడు మానేశారు?”

“చాలా ఏళ్లైంది.”

ఆమె వెళ్లింది. టీ దగ్గర చాంతాడంత వరస. ముందున్న వయొలిన్ ఆవిడ కొత్త పార్టులు కంటికి హాయిగా ఉన్నాయని చెప్పింది. ఆమె సరేనంది. రెండు కప్పులు పట్టుకుని, తొణక్కుండా, గుంపుకి ఎదురు నడిచి వేదిక మీదికి తిరిగొచ్చింది.

ఆయన గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుని ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుంది. కునుకు పడితే ఆయన తల అలాగే వాలుతుంది, అది ఆమెకు కొత్త కాదు. వాద్యం భుజం మీదే ఉంది, ఎడమచెయ్యి దాని మెడ చుట్టూ ఉంది. కమాను మాత్రం నేల మీద పడి ఉంది. చేతిలోంచి కమాను జారనిచ్చే మనిషి కాదాయన. ఆమె కప్పులు నేల మీద పెట్టింది. చేతి మీద చెయ్యి వేసింది. ఆయన వాద్యాన్ని పట్టుకుని లేడు, వాద్యమే ఆయన్ను పట్టుకుని ఉంది.

తర్వాత జరిగినవి ఎక్కడైనా జరిగేవే. ఎవరో అరిచారు. ఎవరో ఫోను చేశారు. మొదటి బేస్ ఆయన వచ్చి వాద్యాన్ని నెమ్మదిగా తప్పించి, మనిషిని పడుకోబెట్టాడు. అంబులెన్సు వాళ్లు వచ్చారు, చెయ్యాల్సింది చేశారు, చేసి ఆగారు. వాళ్లలో పెద్దవాడు లేచి నిలబడి చుట్టూ చూశాడు.

“ఈయన తాలూకు ఎవరండీ?”

అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఆమె వంక చూడకుండా జాగ్రత్తపడ్డారు.

“నేను” అంది ఆమె.

“ఏమవుతారు?”

ఆమె కాస్త ఆలోచించింది.

“పార్టులు రాస్తాను” అంది.

అతను ఇంకేదో అడగబోయి మానేసి, సరేనమ్మా, ఆసుపత్రికి రండి అన్నాడు. స్ట్రెచరును కుర్చీల మధ్యనుంచి తీసుకెళ్లడానికి సెల్లో వాళ్లు తమ కుర్చీలు ఎత్తి పట్టుకున్నారు. మొదటి బేస్ ఆయన అంబులెన్సులో వెళ్లాడు. పోయినాయన తమ్ముడికి కబురు పెట్టారు, అటునుంచే ఆసుపత్రికి వస్తానన్నాడట. సాధన ఇక లేదని నిర్వాహకుడు గొంతు తగ్గించి చెప్పాడు. ఒక్కొక్కరే పెట్టెలు మూసుకున్నారు. ఆ మూతలూ గొళ్లేలూ పడే చప్పుడు హాలంతా కాసేపు సాగింది.

మేనేజరు దగ్గరికొచ్చాడు. “అక్కా, నేను కారు ముందుకు తెస్తాను. మిమ్మల్ని తీసుకెళ్తాను. ఇక్కడే ఉండండి.” తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

ఆమె ఒక్కతే మిగిలింది. ఉన్నచోట ఊరికే నిలబడటం చేతకాలేదు. స్టాండ్ల మీద వదిలేసిన పార్టులు రాత్రికి రాత్రి చెల్లాచెదురవుతాయి. ఎప్పుడూ చేసే పనే చేసింది. వయొలిన్ల దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క స్టాండు దగ్గరా ఆగి, మూసి, మోచేతి మడతలో పేర్చుకుంటూ వరసల వెంట వెనక్కి వచ్చింది. పలచ కాగితాలైనా అన్నీ కలిస్తే బరువే.

చివరి స్టాండు దగ్గర పెద్ద పార్టు తెరిచి ఉంది. ఇంకా రావాల్సిన పేజీ దగ్గర తెరిచి ఉంది. ఆమె ఆ అతుక్కున్న రెండు కాగితాలనూ గోటితో విడదీసి, ఒకదాన్ని వెనక్కి తిప్పింది. ఆయన ఆగినచోటు వచ్చింది. వాయించేవాళ్లు పెట్టుకునే పెన్సిలు గుర్తేమీ అక్కడ లేదు, ఏ పేజీలోనూ లేదు. మూసి, మిగతావాటి పైన పెట్టుకుంది. నేల మీది రెండు కప్పుల్లో టీ చల్లారి మీగడ కట్టింది. బయట కారు హారను ఒకసారి మోగింది, మళ్లీ మోగలేదు. చేతుల నిండా పార్టులతో ఆమె వేదిక మెట్లు దిగింది.

ఖాళీ స్టాండు అంచు మీద కమానుకు రాసుకునే గుగ్గిలం ముద్ద ఒకటి ఉండిపోయింది. పాతగుడ్డ ముక్కలో సగం చుట్టి, కమాను రాపిడికి నడుమ గాడిపడి, బొటనవేలు ఆనేచోట లోపలికి గుంటపడి, దీపాల వేడికి కొంచెం మెత్తబడిన ముదురు తేనెరంగు ముద్ద.